పరీక్ష ఎవరికి?

ఇల్లెందు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం వ్రాశారు. వారి కూతురూ అల్లుడూ అమెరికాలో అట్లాంటా నగరం దగ్గర కాపురం ఉంటున్నారట. మనవరాలు అక్కడ నాలుగో తరగతి. "ఫోను చేసినప్పుడల్లా పరీక్షలు ఎట్లా వ్రాశావే అని అడుగుతాను. అమ్మమ్మా, మాకు ఫెయిలు గియిలు ఏమీ ఉండవు అంటుంది. ఇక్కడ మా పెద్దవాడి కొడుకు పదో తరగతి. మార్చి నెలంతా వాడికి అన్నం సయించలేదు. పరీక్షలు లేకుండానే అంత పెద్ద దేశం నడుస్తూంటే మన పిల్లలకెందుకండీ ఈ యాతన? మీరు పాఠాలు చెప్పేవారు, మీకు తెలిసి ఉంటుంది" అని ఆవిడ ప్రశ్న.

పాఠాలు చెప్పేవాణ్ణే. కాని నా ఉద్యోగంలో సగం పాఠాలు చెప్పడంలో గడిస్తే, సగం ఇతరుల జవాబులు దిద్దడంలో గడిచింది. ఆ రెండో సగాన్ని గూర్చి ఇంతవరకు నన్నెవరూ అడిగిన పాపాన పోలేదు. అందుచేత ఈ వారం కొంచెం విపులంగానే చెప్పుకుంటాను. సీరియలు కోసం పత్రిక కొన్నవారు పేజీ తిప్పుకున్నా నేను నొచ్చుకోను.

ముందు మనవరాలి మాట తీసుకుందాం. ఆ పిల్ల అబద్ధమాడలేదు గాని, చెప్పినది సగమే. అక్కడా పరీక్షలున్నాయి. జార్జియా రాష్ట్రంలో మూడో తరగతి మొదలు ఎనిమిది దాకా పిల్లలందరూ ఏటా ఒక రాష్ట్ర పరీక్ష వ్రాస్తారు. 'జార్జియా మైల్‌స్టోన్స్' అని దాని పేరు. అయితే పెన్సిలు పట్టేది పిల్లలే అయినా, గుండెలు దడదడలాడేది పంతుళ్ళకు. ఇది ఇట్లా ఎందుకయిందో తెలియాలంటే నూట ఎనభై ఏళ్ళు వెనక్కి పోవాలి.

ఆ రోజుల్లో అమెరికా బళ్ళలో పరీక్ష అంటే ఒక వేడుక. ఊరి పెద్దలు వచ్చి కుర్చీలలో కూర్చునేవారు. పంతులు తనకు నమ్మకమున్న నలుగురు పిల్లలను నిలబెట్టి, వాళ్ళకు కంఠతా వచ్చిన ప్రశ్నలే అడిగేవాడు. పిల్లలు గడగడా అప్పజెప్పేవారు. పెద్దలు తలలూపి ఇళ్ళకు వెళ్ళేవారు. (మన స్కూళ్ళ వార్షికోత్సవాలు మీకు గుర్తుకు వస్తే అది నా తప్పు కాదు.) మసాచుసెట్స్ రాష్ట్ర విద్యామండలికి అప్పుడు హొరేస్ మాన్ అనే ఆయన కార్యదర్శి. ఆయన యూరపు వెళ్ళి ప్రష్యా బళ్ళు చూసి వచ్చి, అక్కడ బెత్తం లేకుండానే చదువు చెబుతున్నారని మెచ్చుకుంటూ నివేదిక వ్రాశాడు. బోస్టను పంతుళ్ళకు అది తమ ముఖాన కొట్టినట్లయింది. కరపత్రాల మీద కరపత్రాలు అచ్చయ్యాయి. చివరకు మాన్ స్నేహితుడు శామ్యూల్ గ్రిడ్లీ హోవ్, మరికొందరు బోస్టను స్కూలు కమిటీలో చేరి 1845లో ఒక ఎత్తు వేశారు. ప్రశ్నలు ముందుగా అచ్చువేయించి, ఎవరికీ చెప్పకుండా బళ్ళకు పట్టుకెళ్ళి, పై తరగతి పిల్లల ముందు పెట్టి, ఇంత వ్యవధిలో జవాబులు కాగితం మీద వ్రాయండి అన్నారు. ఒక బడి నుంచి మరొక బడికి ప్రశ్నల కబురు చేరేలోగా తామే చేరాలని హడావుడిపడ్డారు కూడాను.

ఫలితాలు చూస్తే నూటికి ముప్పై జవాబులే సరియైనవి. బోస్టను బళ్ళు దేశానికే మకుటమని అనుకుంటున్న రోజులవి! అంతకంటె ఆ కమిటీ వారిని కలవరపెట్టిన సంగతి మరొకటి ఉంది. వెనుక అమెరికా ప్రభుత్వం విదేశీ వర్తకం మీద విధించిన నిషేధం ఏ సంవత్సరంలో వచ్చిందో పిల్లలు టక్కున చెప్పగలిగారు. ఆ నిషేధమంటే ఏమిటో మాత్రం చెప్పలేకపోయారు. తేదీ వచ్చు, తేదీ దేనిదో రాదు. ఇందుకు హోవ్ బృందం మందలించినది పిల్లలను కాదు, వారికి చెప్పిన పంతుళ్ళను. అమెరికా వ్రాతపరీక్ష పుట్టుకలోనే ఈ గుణం ఉన్నది. అది పంతుళ్ళ మీద పెట్టిన నిఘా.

తరువాతి నూరేళ్ళనూ తొందరగా దాటేస్తాను. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు తెలివి పరీక్షలు పెట్టారు. ఆ అనుభవంతోనే 1926లో కాలేజీ ప్రవేశానికి 'శాట్' పరీక్ష వచ్చింది. పరీక్షలు లక్షల మీదికి పోయేసరికి దిద్దడం ఎట్లాగన్న చిక్కు వచ్చిపడింది. దీనిని విప్పినవాడు ఒక స్కూలు మాష్టరు. పేరు రేనాల్డ్ జాన్సన్. మిషిగన్ రాష్ట్రంలో ఐరన్‌వుడ్ అనే ఊళ్ళో సైన్సు చెప్పేవాడు. మన కొత్తగూడెం బొగ్గు ఊరయినట్లే అది ఇనుపరాతి గనుల ఊరు. కుర్రతనంలో ఆయన తన అక్కలను చూడవచ్చే యువకుల మోటారు కార్ల స్పార్కు ప్లగ్గుల మీద పెన్సిలుతో గీతలు గీసేవాడట. పెన్సిలు ములుకు గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది, ప్లగ్గు పనిచేయదు, బండి కదలదు, ప్రేమికుడు దిక్కులు చూస్తాడు. ఆ కొంటెతనమే పెద్దయ్యాక యంత్రమయింది. కాగితం మీద పెన్సిలు గుర్తు ఎక్కడ ఉన్నదో విద్యుత్తుతో పసిగట్టి మార్కులు లెక్కవేసే ఆ యంత్రాన్ని ఐ.బి.ఎం. కంపెనీ 1938లో అమ్మకానికి పెట్టింది. మన పిల్లలు ఒకప్పటి ఎంసెట్టులోనూ ఉద్యోగాల పరీక్షలలోనూ సున్నాలు నింపిన కాగితాలకు తాత ఆ యంత్రమే. పెన్సిలు ములుకూ మన నేలక్రింది బొగ్గూ ఒకే తల్లి బిడ్డలని కెమిస్ట్రీ లెక్చరరు గారు చెబుతారు. ఏ గనిలో పుట్టినా కర్బనం మన పిల్లల వెంటబడుతూనే ఉన్నది.

యంత్రం చేతికి వచ్చాక ప్రభుత్వానికి ధైర్యం వచ్చింది. 2002 జనవరిలో ప్రెసిడెంటు బుష్ ఒక చట్టం మీద సంతకం చేశాడు. ఏ పిల్లవాడూ వెనుకబడరాదు అన్న అర్థం వచ్చే పేరు దానిది. మూడు నుంచి ఎనిమిది తరగతుల వరకు ఏటా చదవడంలోనూ లెక్కలలోనూ పరీక్ష పెట్టాలి. 2014 నాటికి దేశంలో నూటికి నూరుమంది పిల్లలూ అనుకున్న మట్టానికి చేరాలి. వరుసగా వెనుకబడ్డ బళ్ళ మీద చర్యలు, ఆఖరికి సిబ్బందినే మార్చివేయడం. నూటికి నూరు అనే మాట నేను సమీక్షా సమావేశాలలో విని ఉన్నాను గాని, ఒక మహారాజ్యం దానిని చట్టంలో వ్రాసుకోవడం వింతే.

ఏమయింది? ఉత్తరం వ్రాసిన ఆవిడ మనవరాలు ఉన్న ఆ అట్లాంటా నగరంలోనే అయింది. పిల్లలు వ్రాసి ఇచ్చిన కాగితాలలో తప్పు సున్నాలను రబ్బరుతో చెరిపి, ఒప్పు సున్నాలను నింపిన పంతుళ్ళు దొరికారు. 2011లో ప్రభుత్వ విచారణ నివేదిక 44 బళ్ళలో 178 మంది టీచర్లను, ప్రధానోపాధ్యాయులను తప్పుపట్టింది. 2015లో కోర్టు పదకొండుమందిని దోషులన్నది. పంతుళ్ళను కటకటాల వెనుక చూస్తే నాకు సంతోషం కలగదు. వాళ్ళలో చాలామంది పేద వాడల బళ్ళలో పనిచేసినవాళ్ళు. అయితే ఆ పిల్లల సంగతి ఆలోచించండి. చదవడం రాని పిల్లకు వచ్చునని కాగితం పుట్టింది. వస్తే ఇక సాయమెందుకు? ఆ సాయమూ పోయింది. ఆ ఏడాది డిసెంబరులోనే కొత్త చట్టం వచ్చి, పరీక్షలను ఉంచి, బళ్ళను ఏం చేయాలన్నది చాలా మట్టుకు రాష్ట్రాలకు విడిచిపెట్టింది.

ఇదంతా దొరల దేశపు గొడవ అనుకోకండి. మన కోస్తా జిల్లాల వీథిబడి పంతుళ్ళు ఈ మందు ఏనాడో మింగారు. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో అనే మంత్రి, పిల్లలు పాసయినంత మేరకే బడికి డబ్బు అనే పద్ధతి పెట్టాడు. కవీ, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరూ అయిన మాథ్యూ ఆర్నాల్డు వద్దని మొత్తుకున్నాడు, వినలేదు. పిల్లలు వాచకాన్ని తలక్రిందులుగా పట్టుకొని కూడా గడగడా చదివేవారని అక్కడ చెప్పుకునేవారు. ఆ పద్ధతే ఓడెక్కి మద్రాసు రాజధానికి వచ్చింది. దీనికి 'రిజల్టు గ్రాంటు' అని పేరు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలచేత చదివించి, వ్రాయించి, లెక్క చేయించి, పాసయినవారి తలలు లెక్కపెట్టి గ్రాంటు ఇచ్చేవాడు. అరుగు మీద బడి నడుపుకునే పంతులుకు ఆ దొర రాక ధనుర్మాసపు చలి కంటె వణుకు పుట్టించేది.

నూరేళ్ళు దాటాక ఈ సంగతే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ పరీక్షకు వచ్చింది, ఈసారి శాస్త్రీయంగా. 2005లో మొదలుపెట్టి, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు పల్లెటూళ్ళ సర్కారు ప్రాథమిక పాఠశాలలలో ఒక ప్రయోగం నడిపారు. ప్రభుత్వం, ప్రపంచబ్యాంకు, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ వెనుక ఉన్నాయి. కొన్ని బళ్ళలో, పిల్లల సగటు మార్కు అయిదు శాతానికి మించి పెరిగితే, ఆపైన ఒక్కో శాతానికి టీచరుకు 500 రూపాయల బోనసు. పరీక్ష పెట్టేదీ దిద్దేదీ బయటివారు. రెండేళ్ళకు ఆ బళ్ళ పిల్లలు మిగతావారికంటె నిజంగానే ఎక్కువ నేర్చుకున్నారు. బోనసు లేని సబ్జెక్టులలో కూడా. ఈ సంగతి నా వాదానికి కొంచెం అడ్డమే. ఇంకా అడ్డం వచ్చేది ఉంది. మరికొన్ని బళ్ళలో డబ్బు మాట ఎత్తకుండా, మీ పిల్లలు ఫలానాచోట వెనుకబడి ఉన్నారు అని వివరమైన నివేదికలు మాత్రం ఇచ్చారు. అక్కడ పిల్లల చదువులో తేడా ఏమీ కనిపించలేదు. లోపమేదో చెబితే చాలు, పంతులు దిద్దుకుంటాడు అని నమ్మే నాబోటి వారు ఈ ఫలితాన్ని కాస్త నెమ్మదిగా నమలవలసి ఉంటుంది.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. తెలంగాణాలో పరీక్ష ఎన్నడూ పంతులును పరీక్షించలేదు. నిజాం కాలంలో 1917 ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడి, బోధనా పరీక్షా ఉర్దూలో సాగాయి. తెలుగు ఇంట పుట్టి ఉర్దూలో మెట్రిక్ గట్టెక్కినవాడు ఊరికి దివిటీ. మునిగినవాడు పొలానికో, మన వైపయితే బొగ్గుబాయికో పోయేవాడు. గట్టెక్కకపోతే అది వాడి నొసటి వ్రాత. ఆ లెక్క రాజ్యాలు మారినా మారలేదు.

అది మారడానికి ఒక్క అవకాశం 1971లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిటెన్షను ఎత్తివేసింది. హాజరు ఉన్న పిల్లవాణ్ణి పై తరగతికి పంపవలసిందే. ఏడో తరగతిలో ఒక ఉమ్మడి పరీక్ష, పదిలో పబ్లిక్ పరీక్ష, అంతే. ఊళ్ళలో దానికి వచ్చిన పేరు "గోడకు కొడితే పాసు". పెద్దలు ఇప్పటికీ నవ్వుతారు. నేను నవ్వలేను. ఆ ఉత్తర్వు వెనుక ఉన్న ఆలోచన మంచిది. తొమ్మిదేళ్ళ పిల్లను మూడో తరగతిలోనే కూర్చోబెడితే, మరుసటి ఏడు ఆ పిల్ల బడిలో ఉండదు, పత్తి చేనులో ఉంటుంది. కాని ఆలోచనలో రెండు ముక్కలున్నాయి. ఒకటి, ఫెయిలు చేయకు. రెండు, ఏది రాలేదో చూసి ఆ ఏడాదిలోనే నేర్పు. మొదటి ముక్క ఉత్తర్వుతో అయిపోతుంది. పైసా ఖర్చు లేదు. రెండో దానికి మనిషి కావాలి, సమయం కావాలి, అయిదు తరగతులకు ఇద్దరే టీచర్లున్న బడిలో మూడో టీచరు కావాలి. మొదటిది అమలయింది.

2010 ఏప్రిల్ నుంచి విద్యాహక్కు చట్టం ఈ మొదటి ముక్కనే దేశమంతటికీ విస్తరించింది. ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఆపరాదు. అయితే ఆ చట్టం నిరంతర మూల్యాంకనం అని రెండో ముక్కను కూడా స్పష్టంగా వ్రాసింది. కాగితం మీద అది అందమైన మాట. అది మన బళ్ళలోకి వచ్చి ఎఫ్.ఏ. వన్, ఎఫ్.ఏ. టూ అనే రిజిస్టర్లయింది. రిజిస్టరు నింపే పనిలో పిల్లవాడి ముఖం చూసే తీరిక టీచరుకు పోయింది. 2019లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, కావాలంటే రాష్ట్రాలు అయిదు, ఎనిమిది తరగతులలో మళ్ళీ ఆపుకోవచ్చునన్నది. అంటే చేతకానిది మానేసి, చేతనయినది మొదలుపెట్టుకోండి అని.

దీని ఫలం నా ఇంటర్మీడియెట్ క్లాసులో కూర్చుని ఉంటుంది. ఏటా మొదటి వారంలో నేనొక పని చేస్తాను. వాచకం ఇచ్చి ఒక్కొక్కరిచేత నాలుగు వాక్యాలు చదివిస్తాను. పదిలో మంచి గ్రేడులు తెచ్చుకున్న పిల్లలే. కొందరు ఒత్తు అక్షరం దగ్గర ఆగి నా ముఖం చూస్తారు. తెలివిలేనివాళ్ళు కాదు. సెల్‌ఫోను విప్పి జోడించగలరు, అయ్య షిఫ్టుల లెక్క తప్పు లేకుండా చెప్పగలరు. పదేళ్ళపాటు ఎవరూ వాళ్ళ పక్కన కూర్చుని, చదవరా, వింటాను అనలేదు. అంతే జరిగింది.

పిల్లవాడి మీద వేసిన ఆ బరువు ఎంతటిదో 2019లో చూశాం. ఆ ఏప్రిల్ 18న ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చాయి. బాగా చదివే పిల్లలు ఫెయిలు, పరీక్ష వ్రాసినవారు గైర్హాజరు, మార్కులు తారుమారు. మన బొగ్గు జిల్లాల అమ్మాయి ఒకతెకు తెలుగులో సున్నా వచ్చింది. తిరిగి చూస్తే 99. దిద్దినవారు నల్లచేయవలసిన గడులు తప్పాయి, రెండు తొమ్మిదుల చోట రెండు సున్నాలు పడ్డాయి. నేనూ వాల్యుయేషను క్యాంపులో కూర్చునేవాణ్ణే. వేసవి ఎండలో, కట్ట వెనుక కట్ట. చేయి నొప్పి పుట్టే వేళకు కళ్ళు మసకబారుతాయి. అయినా అది సమాధానం కాదు. ఫలితాల తరువాతి రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం తరువాత ఫెయిలైన వారందరి పేపర్లూ ఉచితంగా తిరిగి చూపించింది. వెయ్యిమందికి పైగా పాసయ్యారు. అట్లాంటాలో అంకె తప్పయితే పంతుళ్ళు కోర్టుకెక్కారు. ఇక్కడ అంకె తప్పయితే పిల్లలు పోయారు. ఆ రెండు వాక్యాలనూ పక్కపక్కన వ్రాశాక నాకు కొంతసేపు కలం సాగలేదు.

ఇంత బరువు మోసే ఆ అంకె మాత్రం ఎంత తేలికగా మారుతుందో! 2020 జూన్‌లో కరోనా మూలంగా పదో తరగతి పరీక్షలు రద్దుచేసి 5 లక్షల 34 వేల మందినీ పాస్ అన్నారు. 2021 డిసెంబరులో ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాలలో నూటికి 49 మందే గట్టెక్కారు, గొడవ లేచింది, వారం రోజులు తిరిగేసరికి మిగతా అందరికీ ముప్పయ్యయిదేసి మార్కులు వేసి పాస్ చేశారు. పదో తరగతిలో పదకొండు పేపర్లుండేవి, తరువాత ఆరయ్యాయి. మార్కులు పోయి గ్రేడులు వచ్చాయి. 2025లో గ్రేడుల సరాసరి పోయి మళ్ళీ మార్కులు వచ్చాయి. హిందీలో ఇరవై వస్తే పాసు, తెలుగులో ముప్పయ్యయిదు కావాలి. తెలుగువాడికి తెలుగు అంత ఎక్కువ రావాలని కాబోలు!

తెలుగు మాట వచ్చింది గనుక, నా సొంత కడుపుమంట కూడా ఒకటి చెప్పుకోనివ్వండి. ఇంటర్‌లో రెండో భాషగా తెలుగు తీసుకోవచ్చు, సంస్కృతం తీసుకోవచ్చు. పేరున్న ప్రైవేటు కాలేజీలు చాలా మట్టుకు పిల్లలకు సంస్కృతమే ఇప్పిస్తాయి. కాళిదాసు మీద మక్కువతో కాదు. అందులో తొంభైఎనిమిది, తొంభైతొమ్మిది వస్తాయి గనుక. పైగా చాలా ప్రశ్నలకు జవాబు తెలుగులోనో ఇంగ్లీషులోనో వ్రాయవచ్చు. ఒక పిల్ల నాతో అన్నది: "సార్, మాకు సంస్కృతం వచ్చని మార్కులొచ్చినయి గానీ, మాకు రాదు." ఇంత నిజాయితీగా ఏ విద్యా కమిషను నివేదికా వ్రాయలేదు. పదో తరగతి దాకా అన్ని బళ్ళలో తెలుగు తప్పనిసరి అని 2018లో తెలంగాణ చట్టం చేసింది, సంతోషం. పదకొండో ఏట మార్కు వచ్చి ఆ తెలుగును చేయిపట్టి బయటికి నడిపిస్తున్నది.

అన్ని పరీక్షలూ ఇట్లాంటివేనా అంటే కాదు. మా వీథిలో సింగరేణిలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. గనిలో సర్దారు కావాలన్నా, ఓవర్‌మన్ కావాలన్నా గ్యాసు పరీక్ష సర్టిఫికెట్టు ఉండాలి. ఆ పరీక్ష తాము ఎట్లా ఇచ్చిందీ ఆయన చెబుతారు. సేఫ్టీ ల్యాంపు చేతికి ఇస్తారు. వత్తిని తగ్గించి, చిన్న మంట మిగిల్చి, మెల్లగా పైకి, కప్పు వైపు ఎత్తాలి. మీథేను గాలికంటె తేలిక గనుక పైన చేరుతుంది. గ్యాసు ఉంటే మంట చుట్టూ లేత నీలపు టోపీ కనిపిస్తుంది. ఆ టోపీ ఎత్తును బట్టి నూటికి ఎన్ని పాళ్ళున్నదో చెప్పాలి. ఒకటింబావు దాటితే కరెంటు ఆపాలి. పరీక్షించే ఆఫీసరు పక్కనే నిలబడి చూస్తాడు. "సారూ, బాయిల ముప్పయ్యయిదు మార్కులు చెల్లవు" అన్నారాయన. "టోపీ కనబడుతదా లేదా, గంతే. కనబడనోనికి సర్టిఫికెట్టు ఇస్తే వాడొక్కడే పోడు, షిఫ్టంత పోతది." కనబడనివాణ్ణి ఏం చేసేవారని అడిగాను. "ఏం జేస్తం? మళ్ళ నేర్పుకొని మళ్ళ తోలుతం. కన్ను అలవాటుపడాలె గద" అన్నారు.

మూడో తరగతి పిల్లకు కూడా ఇట్లాంటి పరీక్ష పెట్టవచ్చు, పెట్టినవారున్నారు. 'ప్రథమ్' సంస్థ 2005 నుంచి 'అసర్' పేరుతో చేస్తున్నది అదే. పల్లెలో ఇంటికి వెళ్ళి, పిల్ల పక్కన కూర్చుని, అక్షరాలు, మాటలు, చిన్న పేరా, చిన్న కథ వరుసగా చదివించి వింటారు. కొద్ది నిమిషాల పని. అందులో పాసు లేదు, ఫెయిలు లేదు, పిల్ల పేరు పేపర్లో పడదు. దేశంలో అయిదో తరగతి పిల్లలు ఎంతోమంది రెండో తరగతి కథ చదవలేకపోతున్నారని మనకు తెలిసింది ఆ కొద్ది నిమిషాల వల్లనే, లక్షల పేపర్లు దిద్దిన నావంటివారి వల్ల కాదు. అది సర్వే గనుక కొన్ని ఇళ్ళకే వెళ్ళి ఆగుతుంది. ప్రతి బడిలో ప్రతి పిల్ల దగ్గరా, ఏడాదికి రెండుసార్లు, మూడో తరగతి నుంచే ఆ పని చేయమంటాను నేను. వట్టి నివేదికతో బడి కదలదని ఆ ఆంధ్ర ప్రయోగం చెప్పింది కదా. అందుకని చూసి ఊరుకోవడం కాదు, వెనుకబడినవారిని చూసుకునే మనిషిని కూడా ఆ బడికి ఇవ్వాలి. ఈ ఖర్చు ఉన్నదనే 1971లో ఆగిపోయాం.

ఇల్లెందు అమ్మగారికి నా జవాబు ఇది. మీ మనవరాలికీ పరీక్ష ఉంది; ఆ భయం అక్కడ టీచరు మోస్తున్నది. మీ మనవడిది వాడే మోస్తున్నాడు. ఇద్దరిలో ఎవరికి ఎంత వచ్చిందో ఆ కాగితాలు చూసి నేను చెప్పలేను. సెలవుల్లో ఇద్దరినీ కూర్చోబెట్టి తెలుగు పత్రిక ఒకటి చదివించండి. ఈ పత్రికయినా ఫరవాలేదు.

ఇక ఒక్క సంగతి, మరికొన్ని ఇళ్ళకు. 2025 ఏప్రిల్ 30న వచ్చిన పదో తరగతి ఫలితాలలో నూటికి 92.78 మంది పాసయ్యారు. వాళ్ళ ఫొటోలు ఫ్లెక్సీలెక్కాయి. మిగిలిన ఏడుగురి ఇళ్ళలో ఆ సాయంత్రం పొయ్యి వెలిగిందో లేదో ఎవరూ వ్రాయలేదు. ఏటా అట్లాంటి ఇళ్ళుంటాయి. మన బజారులోనూ ఉంటాయి. సప్లిమెంటరీ పరీక్షలు మామూలుగా జూన్‌లో జరుగుతాయి. పాసయితే ఏడాది పోదు, ఆ ఏడే కాలేజీలో చేరవచ్చు. మార్కు మీద అనుమానం ఉంటే రీకౌంటింగుకు సబ్జెక్టుకు 500, జవాబు పత్రం నకలుతో సహా రీవెరిఫికేషనుకు 1000 రూపాయలు 2025లో తీసుకున్నారు. గడువు కొద్ది రోజులే ఉంటుంది. దరఖాస్తు ఫారం బడి హెడ్మాస్టరు దగ్గర అడగండి. ఫలితాలు వచ్చిన రాత్రి మాత్రం పిల్లవాణ్ణి ఒంటరిగా పడుకోనివ్వకండి.